దీపముండగానే చక్కబెట్టుకుందాం

మానవ నాగరికత చరిత్ర ఒక విధంగా శక్తి వనరుల చరిత్రే. కట్టెల మంటతో మొదలుపెట్టి బొగ్గు, చమురు, జలవిద్యుత్తు వరకు మనిషి తన అవసరాలకు తగిన కొత్త వనరులను వెతుక్కుంటూనే వచ్చాడు. నేడు ఆ అన్వేషణ సూర్యరశ్మి వద్దకు, గాలి వద్దకు చేరింది. పొగ, బూడిద లేని శక్తి మేలైనదని అందరూ అంగీకరిస్తారు. దానికోసం ప్రభుత్వం ప్రజాధనాన్ని వెచ్చించాలా అన్న ప్రశ్న దగ్గరే అభిప్రాయభేదం మొదలవుతుంది. వెచ్చించి తీరాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. కాని కాదనేవారి మాటను ముందుగా వినడం న్యాయం.

వారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. పల్లె ఆసుపత్రిలో మందులు చాలవు, బడిలో గదులు చాలవు. అటువంటప్పుడు సౌర ఫలకాలకు వేల కోట్ల రూపాయలు ఖర్చు చేయడం ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత వంటిది కాదా అని వారు ప్రశ్నిస్తారు. వాతావరణాన్ని పాడుచేసినవి ధనిక దేశాలు కదా, ఆ పాపంలో మనకెందుకు భాగం అంటారు. చీకటిపడితే ఎండ ఉండదు, అప్పుడేం చేస్తారని అడుగుతారు. నిజంగా లాభసాటి అయితే వ్యాపారులే ముందుకు వస్తారు, ప్రభుత్వం చేయూత ఎందుకని సందేహిస్తారు.

చివరి ప్రశ్నతోనే సమాధానం మొదలుపెడదాం. మన దేశంలో విద్యుత్తు ఏనాడూ కేవలం వ్యాపారుల చొరవతో పల్లెకు చేరలేదు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేసినప్పుడు దాని ఖర్చును భరించింది ప్రభుత్వమే. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థను 1975లో నెలకొల్పింది, ఆ తరువాత రామగుండంలో విద్యుత్ కేంద్రాన్ని నిర్మించింది కూడా ప్రజాధనంతోనే. పది గడపలున్న గూడేనికి స్తంభాలు పాతి తీగ లాగడం వల్ల లాభం రాదని తెలిసీ ప్రభుత్వాలు ఆ పని చేశాయి. బొగ్గుకు, నీటికి దశాబ్దాల తరబడి అందిన చేయూతను సూర్యుని వంతు వచ్చేసరికి దుబారా అనడం సమంజసం కాదు.

ఆ చేయూత ఫలించిందా అంటే, లెక్కలే సాక్ష్యం. జాతీయ సౌరశక్తి కార్యక్రమం ప్రారంభమైన 2010లో జరిగిన తొలి వేలంలో సౌర విద్యుత్తు ధర యూనిట్‌కు సుమారు 12 రూపాయలు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కు వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఈ తగ్గుదల మన ఒక్కరి ఘనత కాదు. జర్మనీ 2000లో చేసిన చట్టం సౌర విద్యుత్తుకు గిట్టుబాటు ధరను ఖాయం చేసి గిరాకీ పెంచింది; చైనా కర్మాగారాలు భారీ ఎత్తున ఉత్పత్తి చేసి ఖర్చు తగ్గించాయి. అయితే ఆ రెండు చోట్లా తొలి అడుగు ప్రభుత్వానిదే. మన ఇళ్లలోని ఎల్ఈడీ బల్బు సంగతీ అంతే. ప్రభుత్వ సంస్థ ఒకేసారి కోట్ల సంఖ్యలో కొనుగోలు చేయడంతో, 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు పడిపోయింది. ప్రజాధనం ఇక్కడ భిక్షగా కాక విత్తనంగా పనిచేసింది.

ఇక ఆసుపత్రి, బడి సంగతి. ఖజానాలోంచి విద్యుత్తు కోసం ఇప్పుడు ఏమీ ఖర్చు కావడం లేదనుకోవడం పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ప్రారంభమైన వ్యవసాయ ఉచిత విద్యుత్తు నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కొనసాగుతోంది. రైతుకు అది అవసరమే. కాని దాని ఖర్చును ప్రభుత్వాలు ఏటేటా భరిస్తూనే ఉండాలి. రైతు పంపులకు నీరు తోడే ఆ విద్యుత్తును పగటి ఎండతోనే ఉత్పత్తి చేస్తే, ఒకసారి పెట్టిన పెట్టుబడి ఇరవై ఏళ్లకు పైగా ఫలితమిస్తుంది. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం చీకట్లో చేనుగట్ల మీద నడిచే కష్టం రైతుకు తప్పుతుంది. ఈ ఉద్దేశంతోనే 2019లో కుసుమ్ పథకం వచ్చింది. ఏటా కట్టే బిల్లును తగ్గించే పెట్టుబడి ఆసుపత్రికి పోటీ కాదు. రేపు ఆసుపత్రికి డబ్బు మిగిల్చే మార్గమది.

రాత్రి మాటేమిటన్న సందేహం సహేతుకమైనదే. 2025 మధ్య నాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, సహజవాయువులతో సంబంధం లేని వనరులదే అయినా, ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో అధికభాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. ఎండ తగ్గే వేళకు శక్తిని నిల్వ ఉంచుకోవడమే ఇప్పటి సమస్య. దానికి దారి మన కృష్ణానది మీదనే ఉంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో రెండు దిశలలోనూ తిరిగే యంత్రాలున్నాయి. విద్యుత్తు మిగిలినప్పుడు అవి దిగువ నీటిని పైకి తోడగలవు. కొరత వచ్చినప్పుడు అదే నీటితో విద్యుత్తును తీయగలవు. ఇటువంటి నిల్వ కేంద్రాలకు, భారీ బ్యాటరీలకు, దూరప్రాంతాల నుంచి విద్యుత్తును మోసే తీగలకు పెట్టుబడి ఎక్కువ, ప్రతిఫలం ఆలస్యం. ప్రభుత్వం పూనుకోవలసిన చోటు సరిగ్గా ఇదే.

ధనిక దేశాల బాధ్యత ఎక్కువన్న మాట అక్షరసత్యం. వాటి నుంచి సహాయాన్ని మనం గట్టిగా అడగవలసిందే. కాని బొగ్గు వల్ల కలిగే కీడు దూరదేశంలోనిది కాదు. మన బొగ్గులో బూడిద పాలు చాలా ఎక్కువ; ఆ బూడిద వచ్చిపడేది మన థర్మల్ కేంద్రాల పక్కనున్న పల్లెల మీదనే. 2022 ఏప్రిల్‌లో ఎండలు ముదిరి, దేశంలో బొగ్గు నిల్వలు అడుగంటినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ విరామం ప్రకటించవలసి వచ్చింది. యంత్రం ఆగిననాడు దినకూలీ పొయ్యి మీదికి కుండ ఎక్కదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న పెద్దల మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు.

అంతమాత్రాన అడిగినవారికల్లా ఖజానా తలుపులు తెరవమని కాదు. సౌర పార్కుకు భూమి తీసుకున్నప్పుడు పట్టాదారుకు పరిహారం ముడుతుంది. ఆ చేలలో కలుపు తీసి బతికిన కూలీ సంగతి మరుగున పడుతుంది. వారికి వేరే ఉపాధి చూపాలి. 2024లో ప్రకటించిన సూర్యఘర్ పథకంలో ఒక ఇంటికి గరిష్ఠంగా 78,000 రూపాయల రాయితీ నిర్ణయించారు. మిగిలిన సొమ్ము పెట్టలేని పేదలకు, సొంత డాబా లేని అద్దె ఇళ్లవారికి ఆ ఫలం ఎలా చేరుతుందో ఆలోచించాలి. తరతరాలుగా భూగర్భంలోకి దిగి మనకు వెలుగునిచ్చిన సింగరేణి కార్మికుని నడివీధిలో వదిలివేయడం కృతఘ్నత. ఆ సంస్థే తన స్థలాలలో సౌర విద్యుత్ కేంద్రాలను నెలకొల్పడం శుభసూచకం. ధర నిలదొక్కుకున్న చోట రాయితీని క్రమంగా తగ్గించాలి. ఖర్చయిన ప్రతి రూపాయికి లెక్క చెప్పాలి.

సందేహించేవారు మన ప్రత్యర్థులు కారు. ప్రజాధనం వృథా కారాదన్న వారి పట్టుదల మనకూ ఉండాలి. అయితే ఖర్చు చేయడమే కాదు, సకాలంలో ఖర్చు చేయకపోవడం కూడా వృథాయే. గనులలో బొగ్గు ఉన్నప్పుడే, చేతిలో వ్యవధి ఉన్నప్పుడే మారితే ఆ మార్పు మన అదుపులో ఉంటుంది. కొరత ముంచుకొచ్చాక మారితే దాని భారం మొదట పడేది బలహీనుని మీదనే. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు చెప్పారు. ఇల్లు మనది, దీపం ఇంకా వెలుగుతోంది. చక్కబెట్టుకోవడమే మిగిలింది.