మీ ఇంటి వైఫై తాళంచెవి ఎవరి దగ్గరుంది?

కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో బుగ్గారం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి నన్ను పక్కకు పిలిచారు. మార్కుల గురించేమో అనుకున్నాను. కాదు. "సార్, మా ఆయనతో మాట్లాడక మూడు రోజులైతుంది. మా వాడు వైఫై పాస్‌వర్డ్ మార్చిండు. అడిగితే చెప్తలేడు" అన్నారు.

భర్త దుబాయిలో ఉంటారు. అక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదు కాబట్టి రోజూ రాత్రి బోటిమ్‌లో మాట్లాడుకుంటారు. ఇంట్లో వైఫై ఉందని ఆమె తన ఫోన్‌కు డేటా ప్యాక్ వేయించుకోరు. తొమ్మిదో తరగతి చదివే కొడుకును ఫోన్ విషయంలో గట్టిగా కోప్పడ్డారు. వాడు వెళ్లి పాస్‌వర్డ్ మార్చేశాడు. కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ అబ్బాయి వివరాలన్నీ వాడికే చెప్పి వెళ్లాడట, ఇంట్లో అర్థమయ్యేది వాడికే కదా అని. బిల్లు కట్టేది తండ్రి, ఇల్లు నడిపేది తల్లి, తాళంచెవి మాత్రం పద్నాలుగేళ్ల పిల్లాడి దగ్గర.

మన జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు తక్కువేమీ లేవు. గల్ఫ్‌లో ఉన్న నాన్న ఇంటిని చూసేది, పిల్లల హోంవర్క్ గురించి అడిగేది ఆ మూలనున్న చిన్న డబ్బా ద్వారానే. అందుకే కంప్యూటర్ టీచర్‌గా నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. రూటర్ సెట్టింగ్స్ పిల్లలకో, నెట్ అబ్బాయికో వదిలేసే పని కాదు. తల్లిదండ్రుల్లో ఇంట్లో ఉండేవారు, మన వైపు చాలా ఇళ్లలో అమ్మ, ఆ పేజీని తన చేతుల్లోకి తీసుకోవాలి.

చాలామంది దగ్గర ఉన్న మందు ఒకటే: రాత్రి అయ్యేసరికి ప్లగ్ పీకేయడం. దాంతో నాన్న కాల్ పోతుంది, హోంవర్క్ యాప్ పోతుంది, సీసీ కెమెరా ఆగిపోతుంది. పిల్లాడు దుప్పటి కిందికి వెళ్లి మొబైల్ డేటా ఆన్ చేసుకుంటాడు. ఆగాల్సినది ఒక్కటి తప్ప అన్నీ ఆగిపోతాయి.

ముందుగా ఒక విషయం తెలియాలి. రూటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి ఫోన్‌ను వైఫైకి కలపడానికి, అది అందరికీ తెలిసిందే. రెండోది రూటర్ లోపలి పేజీ తెరవడానికి. ఫోన్‌ను వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో పైన వెబ్‌సైట్ పేరు రాసే చోట 192.168.1.1 అని గానీ 192.168.0.1 అని గానీ కొడితే ఆ పేజీ వస్తుంది. మీ డబ్బాకు ఏ నంబరో అడుగున ఉన్న స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా ఇళ్లలో ఈ రెండో పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. కొన్ని మోడళ్లలో అది 'అడ్మిన్' అన్న మాటే. అంటే ఇంటికి తాళం వేసి, చెవి గుమ్మానికే వేలాడదీసినట్టు.

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి ఒక సంఘటన చాలు. మన జగిత్యాల జిల్లా 2016 అక్టోబర్ 11న, దసరా నాడు ఏర్పడింది. సరిగ్గా పది రోజుల తర్వాత, అక్టోబర్ 21న, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. దాడికి వాడుకున్నది మిరాయ్ అనే ప్రోగ్రామ్. అది చేసిన పని చాలా చిన్నది. కంపెనీలు ముందే పెట్టి పంపే ఓ అరవై యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలను ఇళ్లలోని సీసీ కెమెరాల మీద, రూటర్ల మీద వరుసగా కొట్టి చూసింది. పాస్‌వర్డ్ మార్చనివాళ్ల పరికరాలన్నీ దానికి సైన్యమయ్యాయి. ఆ ప్రోగ్రామ్ రాసింది ఇరవై ఏళ్ల వయసు కుర్రాళ్లు ముగ్గురు. మన పిల్లలు ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల మీద దాడులకు మొదట దాన్ని వాడారు. దుబాయి నుంచి ఇల్లు చూసుకోవడానికి కెమెరా పెట్టించుకున్నవారు దాని పాస్‌వర్డ్ కూడా ఈరోజే మార్చండి.

వైఫై పాస్‌వర్డ్‌ను ఇరుగుపొరుగుకు ఇచ్చే విషయంలోనూ నాది కొంచెం కఠినమైన అభిప్రాయమే. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. ఆయన పంపలేదు, ఎవరో వాడుకున్నారు. అయినా పోలీసులు మొదట తట్టింది ఆయన తలుపే. చుట్టాలు వస్తే ఇవ్వద్దనడం లేదు. రూటర్‌లో 'గెస్ట్ నెట్‌వర్క్' ఉంటే ఆన్ చేసి, దాని పాస్‌వర్డ్ వేరేగా పెట్టి అదే ఇవ్వండి. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సౌకర్యాన్ని ఆపేయండి. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి.

ఇక పిల్లలకు నేరుగా పనికొచ్చే మార్పు డీఎన్ఎస్. మనం వెబ్‌సైట్ పేరు కొడితే అది ఏ నంబర్ దగ్గర ఉందో చెప్పే టెలిఫోన్ డైరెక్టరీ లాంటిది. రూటర్ పేజీలో డీఎన్ఎస్ అని రెండు గళ్లు ఉంటాయి. వాటిలో 1.1.1.3, 1.0.0.3 అని రాసి సేవ్ చేయండి. ఇది క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి కుటుంబాల కోసం ఉచితంగా ఇస్తున్న సేవ. తెలిసిన అశ్లీల సైట్లకు, వైరస్ సైట్లకు చిరునామా చెప్పదు. యూట్యూబ్ మాత్రం మామూలుగానే వస్తుంది, రీల్స్ కూడా వస్తాయి. ఏదో అద్భుతం జరుగుతుందని ఆశపడకండి. కొన్ని కనెక్షన్లలో ఈ గళ్లు మార్చే వీలు ఉండదు. అప్పుడు కనెక్షన్ ఇచ్చినవాళ్లనే మార్చమని అడగాలి, అడిగే హక్కు మీకుంది.

టైమ్ పెట్టడం 'పేరెంటల్ కంట్రోల్' అనే పేజీలో ఉంటుంది. ఏ ఫోన్‌కు ఏ గంట నుంచి ఏ గంట వరకు నెట్ ఉండాలో విడివిడిగా పెట్టవచ్చు. పిల్లాడి ఫోన్ రాత్రి తొమ్మిదిన్నరకు ఆగుతుంది, అమ్మ ఫోన్‌లో నాన్న కాల్ నడుస్తూనే ఉంటుంది. ప్లగ్ పీకితే ఇది కుదరదు. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ అసలు నంబర్ కాకుండా మారుపేరు లాంటి మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి. ఆ మారుపేరు మారితే రూటర్ దాన్ని కొత్త ఫోన్ అనుకుంటుంది, మీ టైమ్ వర్తించదు. ఫోన్‌లో మన ఇంటి వైఫై పేరు నొక్కి, ప్రైవసీ దగ్గర 'ఫోన్ మ్యాక్' ఎంచుకుంటే సరిపోతుంది.

వీటన్నిటికీ దొడ్డిదారులు ఉన్నాయి. వీపీఎన్ యాప్ ఉంది, ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంది, పక్కింటి హాట్‌స్పాట్ ఉంది. రూటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో కాసేపు నొక్కితే మీరు పెట్టినవన్నీ చెరిగిపోతాయి. కొన్ని ఫైబర్ డబ్బాల్లో దాంతో నెట్టే పోయి, నెట్ అబ్బాయి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఇవన్నీ పిల్లలకు తెలుసు. నేను కొత్తగా నేర్పుతున్నది మీకే.

అందుకే చాటుగా చేయవద్దంటాను. పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడితోనే టైప్ చేయించండి. తొమ్మిదిన్నరా, పదా అని వాడితోనే బేరమాడండి. చివర కొత్త పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం ఫోన్ మీ చేతిలోకి తీసుకోండి. నియమం ఎందుకు పెట్టారో తెలిసిన పిల్లాడు దొడ్డిదారి వెతకడని నేను హామీ ఇవ్వలేను. కానీ దొంగచాటుగా పెడితే వెతకడం ఖాయం.

మా వైపు లోపం కూడా ఒప్పుకోవాలి. రాత్రి తొమ్మిది తర్వాత క్లాస్ గ్రూపులో హోంవర్క్ పెట్టి, మీ పిల్లల ఫోన్ తీసుకోండి అని మేమే చెబితే మీరేం చేయగలరు? సాయంత్రం ఆరు దాటాక యాప్‌లో ఏమీ పెట్టకూడదని నేను స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. మీరూ మీటింగ్‌లో అడగండి.

ఆ తల్లితో పాటు ఆ రోజు కొడుకునూ ల్యాబ్‌లో కూర్చోబెట్టాను. వాడు తల దించుకునే పాత పాస్‌వర్డ్ చెప్పాడు. అక్కడి నుంచి ఇంటి రూటర్ మార్చలేం కాబట్టి, ల్యాబ్ రూటర్ మీద ఆమె చేతే రెండుసార్లు చేయించాను. మర్నాడు ఉదయం ఆమె నుంచి ఫోన్ వచ్చింది, మార్చేశానని. కొత్తది గ్యాస్ పుస్తకం చివరి పేజీలో రాసుకున్నారట.

వచ్చే మీటింగ్‌కు వచ్చేటప్పుడు మీ రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్‌ను ఫోటో తీసుకుని రండి, ల్యాబ్‌లో కూర్చుని చూద్దాం. ఆ ఫోటోను మాత్రం క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది.