మల్లినాథుడు అయిపోయాడు!

అశోక్‌నగర్‌లో గది తీసుకొని పోటీ పరీక్షలకు చదువుకొంటున్న పూర్వ విద్యార్థి వొకడు ఆ మధ్య నారాయణగూడలో మా యింటికొచ్చి గడగడా అప్పగించాడు: "రఘువంశానికి సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష, నైషధానికి జీవాతువు. మల్లినాథుడు అయిపోయాడు సార్!"

చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దస్తమానం కూర్చొనే కుర్రవాళ్లను తప్పు పట్టను. ఉద్యోగం అన్నం పెడుతుంది. కాని సంజీవనిలో వొక్క పుటైనా చూడకుండా దాని పేరు మోయడం వట్టి బరువే గదా!

మల్లినాథసూరి మనవాడు. యింటిపేరు కొలచల, అది మెదక్ సీమలోని కొల్చారమేనంటారు. శ్లోకాన్ని అన్వయక్రమంలో పెట్టి, సమాసం విప్పి, అమరకోశం చూపించి, పాణిని సూత్రం తగిలిస్తాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే వొట్టు పెట్టుకొన్నాడు కూడా. అయినా చూడండి! మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని దిఙ్నాగాల తొండాల దెబ్బ తప్పించుకొని పొమ్మంటాడు. దిఙ్నాగాలంటే దిక్కుల నేలే ఏనుగులు. మల్లినాథుడు అక్కడ ఆగక, దిఙ్నాగుడు కాళిదాసుకు ప్రతిపక్షి అనీ, నిచులమంటే చెట్టే కాక కవిగారి మిత్రుడనీ రెండో అర్థం లాగాడు. ఆ మాట పట్టుకొని తర్వాతివారు బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుణ్ణి బట్టి కాళిదాసు కాలమే లెక్క కట్టబోయారు! నాకైతే ఆ శ్లోకంలో ఏనుగులే చాలు.

చీనాలో యీ వ్యవహారం మరీ ముదిరింది. లావోజు గ్రంథం సుమారు అయిదు వేల అక్షరాలు. దానికి వ్యాఖ్య రాసిన వాంగ్ బీ 249లో, పాతికేళ్లయినా నిండకుండానే పోయాడు. శతాబ్దాల తరబడి పండితులు ఆ కుర్రవాడి కళ్లతోనే లావోజును చదివారు. 1973లో మావాంగ్‌దుయ్ సమాధిలో పట్టుగుడ్డ ప్రతులు బయటపడితే, వాటిలో ముందు భాగం వెనక్కీ, వెనక భాగం ముందుకీ వున్నాయి! యిక జువాంగ్‌జు గ్రంథం పాత పట్టికలో 52 అధ్యాయాలు. 312లో మరణించిన గువో షియాంగ్ వ్యాఖ్యతో మనదాకా వచ్చినవి 33. జువాంగ్‌జుయే గువో షియాంగ్‌కు వ్యాఖ్య రాశాడని అక్కడ వొక పరిహాసం.

అలాగని వ్యాఖ్యాతను వదిలేసి నడవగలమా? వేదం వేంకటరాయశాస్త్రిగారు (1853-1929) శృంగారనైషధానికి రాసిన వ్యాఖ్య పేరు కూడా సర్వంకషే. శ్రీనాథుడి సమాసం దగ్గర చతికిలబడ్డ నా తరగతిని చెయ్యిచ్చి లేవదీసినవారు ఆయనే. అయితే వ్యాఖ్యను ముందే తెరవనివ్వను. పద్యం మూడుసార్లు పైకి చదివాకే ఆ పుట తిప్పాలి. మా పిల్లలు దీన్ని చాదస్తమంటారు.