ఆ నవ్వు ఏ గదిలో పుట్టింది?

మైక్ రీస్ రాసిన ‘స్ప్రింగ్‌ఫీల్డ్ కాన్ఫిడెన్షియల్’ నవ్విస్తూ చదివించే పుస్తకం. మాథ్యూ క్లిక్‌స్టీన్ తోడ్పాటుతో 2018లో వెలువడింది. అమెరికన్ టీవీలో మూడు దశాబ్దాలు దాటి నడుస్తున్న హాస్య ధారావాహిక ‘ది సింప్సన్స్’కు రీస్ తొలి ఏడాది నుంచీ రచయిత. మూడు, నాలుగు సీజన్లకు అల్ జీన్‌తో కలిసి సారథ్యం వహించాడు. బొమ్మల కార్యక్రమం కనుక ఇది పిల్లలదని పొరబడే వీలుంది. నిజానికి కుటుంబాన్ని, చర్చిని, బడిని, అణువిద్యుత్ కేంద్రాన్ని, చివరికి తనను ప్రసారం చేసే టీవీ సంస్థను కూడా ఎగతాళి చేసే పెద్దవాళ్ల వినోదం అది. పుస్తకం నిండా చమత్కారాలే. అయితే ఒక దుకాణదారుడి గొంతు ఎలా పుట్టిందో రీస్ చెప్పే చోట మాత్రం తెలుగు పాఠకుడు కాస్త ఆగి చదవాలి.

తెర వెనుక కథల్లో సరదా కబుర్లకు కొదవ ఉండదు. మాట్ గ్రోనింగ్ నిర్మాత జేమ్స్ ఎల్. బ్రూక్స్ కార్యాలయం బయట కూర్చుని, లోపలి నుంచి పిలుపు వచ్చేలోగా హడావిడిగా ఒక కుటుంబాన్ని గీశాడని, తన తల్లిదండ్రుల పేర్లు, చెల్లెళ్ల పేర్లు వాళ్లకు పెట్టేశాడని అందరికీ తెలిసిన కథ. 1987లో ‘ట్రేసీ ఉల్‌మన్ షో’ మధ్య మధ్య చిన్న తునకలుగా వచ్చిన ఆ కుటుంబం, 1989 డిసెంబర్ 17న సొంత కార్యక్రమంతో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. మొదట తయారుచేసిన భాగం కొరియాలో బొమ్మలు పూర్తయి తిరిగి వచ్చినప్పుడు చూసినవాళ్లు నీరుగారిపోయారు. చాలా భాగం మళ్లీ గీయించవలసి వచ్చింది. అందుకే దాని తరువాత తయారైన క్రిస్మస్ కథ దానికన్నా ముందు ప్రసారమైంది. ఈ విజయంలో ఎవరి వాటా ఎంత అన్న తగవు కూడా పాతదే. జాన్ ఆర్ట్‌వెడ్ 2009లో తెచ్చిన అనధికారిక చరిత్ర, పదిమంది మాటలను పక్కపక్కన పేర్చి, గ్రోనింగ్ పేరు వెనక మరుగున పడిన శామ్ సైమన్ శ్రమను వెలికి తీసింది. రెండు పుస్తకాలనూ కలిపి చదవడం మేలు. ఒకటి లోపలివాడి ముచ్చట, రెండోది బయటివాడి విచారణ.

రెండింటిలోనూ ముఖ్యమైన స్థలం ఒక్కటే: రచయితలు కూర్చునే గది. అక్కడ రాసిన దాన్ని పదిసార్లు తిరగరాస్తారు. తరువాత నటులంతా బల్ల చుట్టూ చేరి పాఠాన్ని పైకి చదువుతారు. నవ్వు పుట్టిన మాట బతుకుతుంది, పుట్టని మాట పోతుంది. ఈ రంగంలో నవ్వే తీర్పరి.

1990 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘ది టెల్‌టేల్ హెడ్’ భాగంలో దుకాణంలోని గుమాస్తాకు ధర చెప్పే ఒక్క పొడిమాట ఉంది. రీస్ చెప్పేదాని ప్రకారం, ఆ గుమాస్తా భారతీయుడు కాకూడదని తానే పాఠంలో రాసి పెట్టాడు. అప్పటికే అది అరిగిపోయిన హాస్యమని అతని అభిప్రాయం. కానీ చదివే సమయానికి నటుడు హాంక్ అజారియా ఆ మాటను భారతీయ యాసలో పలికాడు. గదంతా నవ్వింది. ఆ నవ్వుతో అపు పుట్టాడు. అజారియా వేరే సందర్భంలో చెప్పిన కథ ఇంకోలా ఉంది. భారతీయ యాస పలకగలవా, ఎంత నొప్పించేలా పలకగలవు అని రచయితలే తనను అడిగారని అతను నవ్వుతూ చెప్పాడు.

వైద్యవృత్తిలో ఇలాంటి రెండు కథనాలు రోజూ వింటాం. రోగి ఒకటి చెబుతాడు, వెంట వచ్చినవాళ్లు మరొకటి చెబుతారు. ఎవరిది నిజమని తేల్చడం కన్నా, రెండు కథనాలూ కలిసే చోటు వెతకడం ఎక్కువ ఉపయోగం. తన పుస్తకంలో పచ్చి అబద్ధాలు కూడా ఉన్నాయని ఉపశీర్షికలోనే హెచ్చరించిన రచయిత విషయంలో ఈ పద్ధతి మరీ అవసరం. ఇక్కడ రెండు కథనాలూ కలిసేది ఆ నవ్వు దగ్గర. ఆ యాస తన తండ్రిది అనుకోగలిగిన మనిషి ఒక్కడున్నా ఆ నవ్వు ఒక్క క్షణం తడబడేది. అలా తడబడిందని రెండు కథనాల్లో ఏదీ చెప్పదు.

ఆ తండ్రి కొడుకు చాలా ఏళ్లకు మాట్లాడాడు. అతను మనవాడే. హరి కొండబోలు 1982లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన హాస్యకారుడు. తెల్లవాడొకడు తన తండ్రిని వెక్కిరిస్తుంటే, ఆ వెక్కిరించేవాణ్ని మరో తెల్లవాడు అనుకరించినట్టు అపు గొంతు ఉంటుందని అతను వేదికపై అనేవాడు. 2017 నవంబర్‌లో ‘ది ప్రాబ్లం విత్ అపు’ అన్న డాక్యుమెంటరీ తీశాడు. ఆనాటి భారతీయ సంతతి పిల్లలు బడిలో ఈ గొంతుతో పడిన వేధింపులను నటులు, హాస్యకారులు అందులో చెప్పుకున్నారు. అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తి వారిలో ఒకరు. దేశపు అత్యున్నత వైద్యపదవి దాకా వెళ్లిన మనిషి కూడా బడిపిల్లవాడిగా ఆ వెక్కిరింత మోశాడు.

న్యాయంగా మాట్లాడాలంటే అపుకు మంచి కథలూ రాశారు. 1996లో వచ్చిన ‘మచ్ అపు అబౌట్ నథింగ్’ వలసదారుల పక్షాన నిలిచిన కథ. అపు చదువుకున్నవాడు, కష్టజీవి, ఆ ఊళ్లో చాలామంది కన్నా తెలివైనవాడు. పేరు సత్యజిత్ రాయ్ చిత్రత్రయం నుంచి వచ్చింది. కానీ గొంతు వచ్చిన దారి వేరు. ‘ది పార్టీ’ (1968)లో ముఖానికి రంగు పూసుకుని భారతీయుడిగా నటించిన పీటర్ సెల్లర్స్ గొంతుతో దానికి పోలిక ఉందని అజారియాయే ఒప్పుకున్నాడు. రాయ్ ఇచ్చిన పేరుకు సెల్లర్స్ గొంతు తగిలించడమే ఈ పాత్ర విషాదం.

ఆ కార్యక్రమం అందరినీ ఎగతాళి చేస్తుంది కదా, మనకే ఎందుకింత ఉలుకు అని అడిగేవాళ్లు మనలోనూ ఉన్నారు. స్కాట్లండ్ తోటమాలిని చూసి నవ్విన అమెరికన్ పిల్లవాడికి అదే సాయంత్రం మరో చానెల్‌లో వేరే స్కాట్లండ్ మనిషి కనిపించేవాడు. 1990ల్లో టీవీలో మనకు కనిపించినవాడు ఒక్కడే. ఒకే బొమ్మ ఉన్నప్పుడు అది వ్యక్తి బొమ్మగా మిగలదు, జాతి బొమ్మ అవుతుంది.

ఈ మాట గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో వైపు నుంచీ తెలుసు. 2005 రంజాన్‌లో ఎంబీసీ చానెల్ ‘ది సింప్సన్స్’ను ‘అల్ షంషూన్’ పేరుతో అరబీలోకి తెచ్చింది. హోమర్ ఒమర్ అయ్యాడు, బార్ట్ బద్ర్ అయ్యాడు. బీరు శీతలపానీయంగా మారింది. ఈజిప్టు నటుడు మొహమ్మద్ హెనెదీ వంటి పేరున్న గొంతు ఉన్నా అది నిలవలేదు, మధ్యలోనే ఆగిపోయింది. మరుసటి ఏడాది రంజాన్‌లో దుబాయ్ నుంచి ‘ఫ్రీజ్’ వచ్చింది. మొహమ్మద్ సయీద్ హారిబ్ సృష్టించిన నలుగురు ముసలమ్మలు, ముఖానికి సంప్రదాయపు బుర్ఖా తొడుక్కుని, చుట్టూ ఎదిగిపోతున్న నగరాన్ని చూసి నవ్వుకుంటారు. ఖబూరాలో నా దగ్గరికి వచ్చే పెద్దావిడల్లో కొందరి ముఖాన అదే బుర్ఖా ఉంటుంది. నా అరబీ యాసను నాకే అనుకరించి చూపించి నవ్వేదీ వాళ్లే. నాకెప్పుడూ నొప్పి కలగలేదు. వాళ్లకు నా పేరు తెలుసు, నా ఊరు తెలుసు, మాట అన్న తరువాత నా ముఖంలోకి చూస్తారు. తన అమ్మమ్మను ఎరిగినవాడు గీసిన ముసలమ్మకూ, ఎవరి అమ్మమ్మనో ఎరగనివాడు గీసిన ముసలమ్మకూ అంత తేడా ఉంటుంది.

ఇంతకీ మన గదుల మాటేమిటి? మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి వస్తే పచ్చి హాస్యమే. దాన్ని ఆడించే కళాకారుల్లో చాలామంది ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు, తెర వెనుక తెలుగు పలికేవాళ్లు. కానీ వాళ్లు ఏ ఊరిని నవ్వించారో ఆ ఊరి మధ్యనే, తెల్లవార్లూ ఆ ఊరివాళ్ల ఎదురుగానే ఆడారు. మాట మితిమీరితే జవాబు అక్కడికక్కడే వచ్చేది. మన సినిమా ఆ జవాబుదారీని పోగొట్టుకుంది. తెలంగాణ యాసను దశాబ్దాల పాటు రౌడీకి, విదూషకుడికి కట్టబెట్టింది. శ్రీకాకుళం యాసను వంటవాడికి, అమాయకుడికి ఇచ్చింది. ఆ సంభాషణలు రాసిన గదుల్లో కూడా నవ్వు పుట్టే ఉంటుంది. హరి కొండబోలు పక్షాన నిలబడే తెలుగువాడు ఈ లెక్క కూడా సరిచూసుకోవాలి. లేకపోతే మన ఆగ్రహం సగం నిజమే అవుతుంది.

కథ ఎలా ముగిసిందో చూస్తే దిగులేస్తుంది. 2018 ఏప్రిల్‌లో కార్యక్రమం లీసా నోట ఒక నిట్టూర్పు లాంటి మాట అనిపించి తప్పించుకుంది. 2020లో అజారియా ఆ గొంతు పలకడం మానేశాడు, తరువాత క్షమాపణ చెప్పాడు, 2023లో ఒక రేడియో కార్యక్రమంలో కొండబోలుతో కలిసి కూర్చుని మాట్లాడాడు. అతని మార్పు గౌరవించదగింది. కానీ అపు మాత్రం మూగవాడై గుంపులో ఎక్కడో నిలబడి ఉండిపోయాడు. పాత్రను తొలగించమని కొండబోలు అడగలేదు, బాగా రాయమన్నాడు. గాయానికి కుట్లు వేయమంటే చెయ్యి కట్టిపడేసినట్టయింది.

రీస్ పుస్తకాన్ని చదవమనే చెబుతాను. నవ్వు ఎంత శ్రమతో తయారవుతుందో ఇంత దాపరికం లేకుండా చెప్పే పుస్తకాలు తక్కువ. అయితే చదువుతున్నప్పుడు ఆ బల్ల చుట్టూ ఎవరున్నారో లెక్కపెట్టండి. ఎవరు లేరో కూడా లెక్కపెట్టండి. దుర్బుద్ధి లేని మంచివాళ్లు, తెలివైనవాళ్లు, తమలో తాము నవ్వుకుని ఒక తరం పిల్లల బడి రోజులను చేదు చేయగలరు. ఆ గది తలుపు తెరిచి ఇంకొక్క కుర్చీ వేసి ఉంటే అపు ఈనాటికీ మాట్లాడుతూ ఉండేవాడేమో.