ఫ్రెంచి యానాంలో పోయింది, క్యూబెక్‌లో నిలిచింది. మరి మన ఇంటి భాష?

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మన గ్రూపులో ఎప్పుడు భాష గురించి మాట వచ్చినా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎరుకల భాష వస్తే ఉద్యోగం వస్తుందా? లంబాడీ మాట్లాడితే గ్రూప్స్‌లో మార్కులు వేస్తారా?" అడగడంలో తప్పు లేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, కాబట్టి ఉద్యోగం విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ ప్రశ్నకి జవాబు చరిత్రలో ఉందని నా నమ్మకం. అది మన రేపల్లె పక్కనే మొదలవుతుంది.

నిజాంపట్నం అంటే మనకి చేపల రేవు. 1750ల్లో కొన్నేళ్ళు ఆ నిజాంపట్నం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. మచిలీపట్నమూ వాళ్ళదే. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నం కోట పట్టుకున్నారు. మే నెలలో సలాబత్ జంగ్ ఒప్పందం రాసిచ్చాడు, దాంతో నిజాంపట్నం కూడా ఇంగ్లీషువాళ్ళకి పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో, సముద్రాల అవతల కెనడాలో క్యూబెక్ అనే ఊరు కూడా ఫ్రెంచివాళ్ళ చేతినుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. రెండూ ఒకే యుద్ధంలో భాగం. రెండింటికీ ముగింపు 1763 పారిస్ ఒప్పందమే. కెనడాని ఫ్రాన్స్ వదులుకుంది. మన వైపు యానాం లాంటి వర్తక స్థావరాలు మాత్రం మళ్ళీ ఫ్రెంచివాళ్ళకి దక్కాయి.

ఇప్పుడు చూడండి. ఫ్రెంచి జెండా ఉన్న చోట ఆ భాష నిలవాలి, పోయిన చోట చావాలి. జరిగింది సరిగ్గా తిరగబడి.

యానాం మధ్యమధ్యలో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయి వచ్చినా 1954 దాకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. కోర్టు, కచేరీ అంతా ఫ్రెంచి చట్టమే. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు ఆపితే, మనవాళ్ళు యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవాళ్ళు. అందుకే దానికి కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. 1954లో విమోచన ఉద్యమం నడిచి, నవంబరు 1న ఫ్రెంచివాళ్ళు అధికారం అప్పగించారు. 1956లో రాసుకున్న ఒప్పందంలో, ప్రజాప్రతినిధులు వేరేలా నిర్ణయించేదాకా ఫ్రెంచే అధికార భాషగా ఉంటుందని కూడా రాశారు. కాగితం మీద అంత గౌరవం ఉంది. కానీ ఇవాళ యానాం సంతలో బేరం ఏ భాషలో జరుగుతుంది? తెలుగులోనే. ఎందుకంటే ఫ్రెంచి అక్కడ ఆఫీసు దాటి అమ్మల నోట్లోకి ఎప్పుడూ రాలేదు. దొరలు పోయారు, వాళ్ళ భాషా పోయింది.

క్యూబెక్‌లో జెండా పోయింది గానీ భాష ఇళ్ళల్లో ఉంది. పొలాల్లో, చర్చిల్లో, పిల్లల్ని జోకొట్టేటప్పుడు ఉంది. 1774 చట్టంతో వాళ్ళ మతం, వాళ్ళ సివిల్ చట్టం నిలబెట్టుకున్నారు. అయినా రెండొందల ఏళ్ళ తర్వాత కూడా పరిస్థితి ఏందంటే, మాంట్రియల్‌లో పెద్ద కంపెనీల యజమానులు ఇంగ్లీషువాళ్ళు, కింద పనిచేసేది ఫ్రెంచివాళ్ళు. ఫ్రెంచి మాట్లాడితే "తెల్లవాళ్ళలాగా మాట్లాడు" అని తిట్టేవాళ్ళు. వీళ్ళ రంగూ తెలుపేనని గుర్తుపెట్టుకోండి. అంటే ఆ తిట్టుకి రంగుతో పనిలేదు, అది అధికారం మాట.

1960ల్లో వాళ్ళు కళ్ళు తెరిచారు. బడులు, కరెంటు కంపెనీలు, ప్రభుత్వం తమ చేతిలోకి తెచ్చుకున్నారు. 1969లో కెనడా ఇంగ్లీషునీ ఫ్రెంచినీ రెండింటినీ కేంద్రంలో అధికార భాషలు చేసింది. 1977లో క్యూబెక్ ప్రభుత్వం 101 నంబరు చట్టం తెచ్చింది. షాపు బోర్డు ఫ్రెంచిలో ఉండాలి, పెద్ద కంపెనీలో పని ఫ్రెంచిలో జరగాలి, బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు ఫ్రెంచి బడికే పోవాలి. అప్పుడు ఆ భాషతో ఉద్యోగం వచ్చింది. ముందు ఉద్యోగం వచ్చి తర్వాత భాష నిలవలేదు. భాష కోసం కొట్లాడితే ఉద్యోగం దాని వెనక వచ్చింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే మనకి సగం కథే చెప్పినట్టు. ఆ భూమి ఫ్రెంచివాళ్ళదీ కాదు, ఇంగ్లీషువాళ్ళదీ కాదు. అక్కడ ముందునుంచీ ఉన్నది క్రీ, ఇన్నూ, మోహాక్, ఇనూయిట్ లాంటి ఆదివాసులు. "మా భాషని తొక్కేస్తున్నారు" అని అరిచిన ఫ్రెంచి క్యూబెక్కే 1971లో క్రీ వాళ్ళ నదుల మీద పెద్ద డ్యాములు కడతామని ప్రకటించింది, వాళ్ళని అడగకుండానే. క్రీ జనం అప్పటికి కొద్ది వేలమంది. కోర్టుకెళ్ళారు, 1973లో స్టే తెచ్చుకున్నారు. ఆ స్టే ఎన్నో రోజులు నిలవలేదు గానీ, ప్రభుత్వం దిగొచ్చి మాట్లాడాల్సి వచ్చింది. 1975 ఒప్పందంలో నష్టపరిహారంతో పాటు సొంత స్కూల్ బోర్డు అడిగి తీసుకున్నారు. క్రీ భాషలో చదువు చెప్పే హక్కు అందులో ఉంది. డ్యాము ఆగలేదు, అది నిజం. కానీ డబ్బు ఒక్కటే తీసుకుని ఇంటికి పోలేదు వాళ్ళు. నాకు క్యూబెక్ ఫ్రెంచివాళ్ళకంటే ఈ క్రీ వాళ్ళే మనకి దగ్గరి చుట్టాల్లా అనిపిస్తారు.

ఇప్పుడు మన సంగతి. జనాభా లెక్కల్లో ఎరుకల భాషని తమిళం కింద కలుపుతారు. లంబాడీని హిందీ కింద కలుపుతారు. యానాదుల మాటకైతే భాష అనే గుర్తింపే లేదు, "మోటు తెలుగు" అంటారు. తీరం వెంట పీతలకీ చేపలకీ మందు చెట్లకీ వాళ్ళ దగ్గరున్న పేర్లు ఏ పాఠ్యపుస్తకంలో ఉన్నాయి? ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బడి పుస్తకాలు వేశారు. లంబాడీ ఉంది, సవర ఉంది, కోయ ఉంది. ఎరుకల లేదు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం చరిత్ర మీకు తెలుసు. నేరస్థ జాతుల చట్టం మన పెద్దల మీద వేసిన ముద్ర 1952లో కాగితం మీద పోయింది. కానీ "అది దొంగల భాష" అన్న చూపు అంత తొందరగా పోలేదు. ఆ చూపుకి భయపడే మన అమ్మానాన్నలు పిల్లలతో తెలుగు మాట్లాడటం మొదలెట్టారు. వాళ్ళని నేను తప్పుపట్టను. మనల్ని కాపాడటానికే చేశారు.

కానీ మనం? హాస్టల్లో ఇంటినుంచి ఫోన్ వస్తే వరండా చివరికి పోయి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు మనలో ఎంతమంది?

"మన భాషకి లిపి లేదు కదా" అంటారు. ఫ్రెంచికీ సొంత లిపి లేదు, ఇంగ్లీషుకీ లేదు. రెండూ రోమన్ అక్షరాలే వాడుకుంటున్నాయి. మనకి తెలుగు అక్షరాలు వచ్చు, అవి చాలు.

"ఇంగ్లీషు వద్దంటావా?" అంటే, అస్సలు అనను. ఇంగ్లీషు నేర్చుకోవాలి, గట్టిగా నేర్చుకోవాలి. కడుపు నింపే భాష ఒకటి, మనం ఎవరమో చెప్పే భాష ఒకటి. రెండూ ఒక తలలో పడతాయి. కెనడాలో లక్షలమందికి పడుతున్నాయి.

యానాం చెప్పేది, ఇంట్లో లేని భాషని ప్రభుత్వం కాగితం బతికించలేదని. క్యూబెక్ చెప్పేది, ఇంట్లో ఉన్నంత మాత్రాన చాలదు, బడిలోకీ ఆఫీసులోకీ రావాలని. మనం రెండు పనులూ చేయాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్ళలో ఉన్నవాళ్ళం సెలవులకి ఇంటికి పోయినప్పుడు నాయనమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర కూర్చుని యాభై మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకొద్దాం, ఒక కథ ఫోన్లో రికార్డు చేద్దాం. వచ్చే జనాభా లెక్కల్లో మాతృభాష అని అడిగితే మన భాష పేరే చెప్పమని ఇంట్లో చెబుదాం. పుస్తకాలు లేని భాషలకి ప్రాథమిక బడి వాచకం వేయమని, ఆ భాష వచ్చిన మనవాళ్ళనే టీచర్లుగా పెట్టమని ఐటీడీఏకి అందరం కలిసి అర్జీ పెడదాం. అప్పుడు "ఈ భాష వస్తే ఉద్యోగం వస్తుందా" అన్న ప్రశ్నకి జవాబు మనమే తయారుచేసినవాళ్ళం అవుతాం.

అర్జీ రాయడానికి నేను రెడీ. కలిసొచ్చేవాళ్ళు మీ ఊరు, మీ ఇంటి భాష పేరు కింద రాయండి.