చెమట కారితే చాలదు, ఆరాలి!

మీరు విశాఖపట్నంలో ఉంటున్నారనుకుందాం. రోజూ పొద్దున్నే బీచిరోడ్డు మీద ఎనిమిది, పది కిలోమీటర్లు అవలీలగా పరుగెత్తేస్తారు. ఓ ఆదివారం నలుగురు స్నేహితులతో కలిసి కంబాలకొండ అభయారణ్యంలో కాలిబాటన పరుగెత్తడానికి వెళ్ళారు. ఎండ లేదు, చుట్టూ పచ్చని చెట్లు. అయినా నాలుగో కిలోమీటరుకే గుండె దడదడలాడింది. బనీను పిండితే నీళ్ళు కారేలా తడిసింది. తల దిమ్మెక్కింది. "నాకేమైనా గుండెజబ్బు మొదలైందా డాక్టరుగారూ?" అని అడుగుతారు మీరు.

పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయినా తప్పకుండా పరీక్ష చేయించుకోవలసిందే. అందులో రెండోమాట లేదు. కాని చాలామంది విషయంలో దోషం గుండెది కాదు, గాలిది.

కంబాలకొండ నగరాన్ని ఆనుకుని, సముద్రానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, దాదాపు 70 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న అడవి. ఒకప్పుడు విజయనగరం మహారాజులది. సముద్రం పక్కనే ఉంది కాబట్టి గాలిలో తేమ నిండుగా ఉంటుంది. కాని బీచిరోడ్డు మీద మీ ఒంటికి తగిలే గాలి మాత్రం అక్కడ తగలదు. చెట్లు, కొండవాలులు దాన్ని అడ్డుకుంటాయి. నీడలో చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం. నిలబడ్డవాడికి అది నిజమే, పరుగెత్తేవాడికి కాదు.

ఎందుకో కొంచెం లెక్క చూద్దాం. మనిషి పరుగెత్తితే కిలోమీటరుకి, తన బరువులో కిలో ఒక్కింటికి, సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే ఆరువందల కేలరీలు. ఇందులో ముప్పాతిక వంతుకు పైగా కండరాలు కదలడానికి కాక వట్టి వేడిగా మారిపోతుంది. ఆ వేడిని ఒంట్లోంచి బయటికి పంపే పెద్ద సాధనం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే ఒక్క లీటరు చెమట సరిగ్గా ఆరితే చాలు, పది కిలోమీటర్ల వేడీ పోయినట్టే.

చిక్కంతా ఆ "సరిగ్గా ఆరితే" అన్నదాంట్లోనే ఉంది. తడిబట్టలు వర్షాకాలంలో ఎందుకు ఆరవో చెమటా అందుకే ఆరదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాకుండా బొట్లుబొట్లుగా నేలమీద రాలిపోతుంది. అలా రాలిన చెమట వల్ల ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయే తప్ప ఒళ్ళు రవ్వంత కూడా చల్లబడదు. "బాగా చెమట పట్టింది, మంచి వ్యాయామం అయింది" అని సంతోషిస్తారు చూశారూ, అది మంచి వ్యాయామానికి గుర్తు కాదు. పైపెచ్చు కొండదారి ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది గాని శ్రమ తగ్గదు. వేడి అంతే పుడుతుంది, పరుగువల్ల ఒంటికి తగిలే గాలి మాత్రం తగ్గిపోతుంది. అందుకే బీచిరోడ్డు వేగాన్ని అడవిదారిలో నిలుపుకోవాలని పంతం పట్టకండి. ఎక్కుడు వచ్చినచోట నడవండి. పక్కవాడితో మాట్లాడుతూ వెళ్ళగలిగినంత వేగం చాలు.

ఉక్కలో శ్రమకి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అలవాటయ్యాక చెమట ముందుగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె వేగం తగ్గుతుంది. హైదరాబాదు నుంచో, చలిదేశం నుంచో సెలవులకి వచ్చి, మర్నాడే బావమరిదితో పందెం వేసి పరుగెత్తేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి. జ్వరమో, విరేచనాలో తగ్గిన రెండుమూడు రోజులకే పరుగుకు దిగడమూ ప్రమాదమే. రక్తపోటుకి నీరుడు మాత్రలు వేసుకునేవారూ, జలుబుకీ దురదకీ మాత్రలు మింగేవారూ ముందు తమ డాక్టరుని అడగాలి. కొన్ని మందులు చెమటని, రక్తప్రసారాన్ని అడ్డుకుంటాయి.

ఇక అసలు సంగతి. మీ నలుగురిలో ఒకడు వెనకబడ్డాడు. చిరాకు పడుతున్నాడు, అడిగినదానికి సంబంధంలేని జవాబు చెబుతున్నాడు, తాగినవాడిలా తూలుతున్నాడు. "అలిసిపోయాడు, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది" అనుకుని వదిలేస్తారా? వదలకండి. "ఇవాళ ఏ వారం? మనం ఎక్కడున్నాం?" అని అడగండి. జవాబు తడబడితే దాన్ని వడదెబ్బ అనుకోండి. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అని చాలామంది నమ్మకం. ఎండకు పడిపోయిన ముసలివాళ్ళలో తరచు అలాగే ఉంటుంది గాని పరుగెత్తి పడిపోయినవాడి ఒంటినిండా చెమట ఉండవచ్చు. చంకలోనో, నుదుటిమీదో థర్మామీటరు పెట్టి "నూటొకటే ఉంది" అని నిశ్చింతగా ఉండకండి. లోపల 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటినా పైన తక్కువే చూపించవచ్చు.

ఇటువంటప్పుడు ముందు చల్లబరచండి, ఆ తర్వాత తరలించండి. మెదడు, కాలేయం, మూత్రపిండాలు ఎంతగా దెబ్బతింటాయన్నది ఒంట్లో వేడి ఎంతసేపు నిలిచిందన్నదాని మీద ఆధారపడుతుంది. అరగంటలోగా దాన్ని దించగలిగితే మనిషి దాదాపు ఎప్పుడూ దక్కుతాడు. ఒకరు 108కి ఫోను చేస్తుండగానే మిగిలినవారు అతణ్ణి నీడకి చేర్చి, చొక్కా, బూట్లు, మేజోళ్ళు విప్పెయ్యండి. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళని మొహమాటపడకుండా నెత్తి నుంచి పాదాల దాకా పొయ్యండి. తువ్వాలుతో, చొక్కాతో, ఏది దొరికితే దానితో గట్టిగా విసరండి. గేటు దగ్గరికి చేరేసరికి ఐసు దొరికితే తడిగుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టి మారుస్తూ ఉండండి. తొట్టినిండా చల్లని నీళ్ళు ఉంటే, తల పైకి పట్టుకుని మెడదాకా అందులో కూర్చోబెట్టడం అన్నింటికన్నా మేలు. పూర్తి స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పారాసిటమాల్ ఇవ్వకండి. జ్వరంలో మెదడే ఒంటివేడిని పెంచమని ఆజ్ఞాపిస్తుంది, ఆ మాత్ర ఆ ఆజ్ఞని మారుస్తుంది. ఇక్కడ ఆజ్ఞేమీ లేదు, వేడి బయటికి పోయే దారి లేదంతే.

"అయితే నీళ్ళు ఎంత తాగితే అంత మంచిదన్నమాట" అనుకుంటారేమో! అదీ పొరపాటే. 2002లో బోస్టన్ మారథాన్‌లో 488 మంది పరుగుదారుల రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం ఉండవలసినదానికన్నా తక్కువ ఉంది. పరుగులో ఎక్కువ నీళ్ళు తాగి, మొదలుపెట్టినప్పటికన్నా బరువు పెరిగినవాళ్ళలో ఇది ఎక్కువ. నీరు మితిమీరితే మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతులు, మతి తప్పడం, ఆఖరికి మూర్ఛలు. దాహం వేసినప్పుడు తాగండి, దాహం తీరాక ఆపండి. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టు, పెరిగితే మీరు అవసరానికి మించి తాగినట్టు. గంట దాటిన పరుగుకి ఇంటి ద్రవమే చాలు. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పుబిళ్ళలు అక్కర్లేదు. కాళ్ళనొప్పులు రాకుండా ముందే ఇబుప్రొఫెన్ లాంటి బిళ్ళ వేసుకుని బయల్దేరేవాళ్ళున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ బిళ్ళ మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. పరుగు తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి.

అడవి కాబట్టి మరో రెండు మాటలు. అటవీశాఖ అనుమతించిన వేళల్లో, అనుమతించిన దారుల్లోనే వెళ్ళండి. అక్కడ చిరుతలున్నాయి. చీకట్లో ఒంటరిగా పోవద్దు, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. చిరుత కనిపిస్తే పరుగు మానేసి, దానికి వీపు చూపకుండా మెల్లగా వెనక్కి రండి. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలు కదలకుండా బద్దకట్టి, మోసుకుని నేరుగా ఆస్పత్రికి చేర్చండి.

అడవిలో ఎవరూ పట్టించుకోనిది కంటికి కనిపించని నల్లి పిల్ల. తుప్పల్లో, గడ్డిలో ఉంటుంది. అది కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. కుట్టిన వారం, పది రోజులకి, ఒక్కోసారి మూడు వారాలకి మొదలవుతుంది. కాబట్టి ఆదివారం పరుగుకీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, జ్వరం. చంక, గజ్జ, నడుము మడతల్లో ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పక్కు ఉండవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి వెతికితేనే దొరుకుతుంది. లేకపోయినా జబ్బు లేదనలేం. డాక్సీసైక్లిన్‌తో చక్కగా తగ్గే ఈ జబ్బు, గుర్తించడం ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని పరుగు నుంచి రాగానే గడ్డి మీద పడుకోకుండా ఇంటికెళ్ళి సబ్బుతో స్నానం చెయ్యండి, బట్టలు వేడినీళ్ళలో ఉతికించండి. తర్వాత మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరు అడక్కపోయినా, "ఫలానా రోజున అడవిలో తిరిగాను" అని మీరే చెప్పండి.