ఎవరి జీవితకాలం?

మన దేశంలో 'లైఫ్' అనే మాటకి ఉన్నన్ని అర్థాలు ఏ నిఘంటువులోనూ దొరకవు. లైఫ్ టాక్స్ అని ఒకటుంది. బండి కొన్నప్పుడే రవాణా శాఖవారు ముక్కుపిండి కట్టించుకుంటారు. లైఫ్ సర్టిఫికెట్ అని ఇంకొకటి. నాబోటి పెన్షన్‌దారు తానింకా ఈ లోకంలోనే ఉన్నానని ఏడాదికోసారి సర్కారువారికి రుజువు చూపించుకోవాలి. అన్నిటికన్నా చోద్యమైంది మూడోది: లైఫ్‌టైమ్ ఆయిలు. కారు ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసిన నూనె జన్మకి ఒక్కసారేనట. మార్చక్కర్లేదట, ఎలా ఉందో చూడనైనా అక్కర్లేదట. మనిషినైతే బతికున్నావా అని ఏటేటా అడుగుతారు గాని, పదిహేనేళ్లుగా ఇనప డబ్బాలో ఉడుకుతున్న నూనెని అడిగే నాథుడు లేడు.

నా తగాదా ఈ మాటతోనే.

అసలా నూనె చేసే చాకిరీ ఏమిటో చూడండి. రెండు ఫాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి కరెంటిస్తే, ఆ గాలికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలెడుతుంది. గాలికి బదులు నూనె అనుకోండి, అదే టార్క్ కన్వర్టర్. ఇంజను ఒకవైపు నూనెని విసురుతుంది, ఆ విసురుకి రెండోవైపు గేరుబాక్సు తిరుగుతుంది. అంటే బండిని లాగే శక్తి నూనెలోంచే పోతుందన్నమాట. అది చాలదన్నట్టు లోపలి క్లచ్ ప్లేట్లని ఒత్తిపట్టేదీ నూనే, పళ్లచక్రాలకి జిడ్డునిచ్చేదీ నూనే, వేడిని మోసుకుపోయి చల్లార్చుకొచ్చేదీ నూనే. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకి జనరల్ మోటార్స్‌వారు హైడ్రామాటిక్ అనే గేరుబాక్సు పెట్టి ఎడమకాలికి విముక్తి ప్రసాదించిన నాటినుంచీ దాని బతుకింతే. (ఒకప్పుడు ఈ నూనెల్లో తిమింగలం నూనె కూడా కలిపేవారు. 1970లలో అమెరికాలో దాన్ని నిషేధించాక వేరే మందులు వెతుక్కున్నారు. గేర్లు మెత్తగా పడటానికి ఎక్కడో సముద్రంలో తిమింగలం చావాలా అని ఇప్పుడు మనకనిపిస్తుంది. అదలా ఉంచండి.)

ఇంత చాకిరీ చేసే వస్తువు అరక్కుండా ఉంటుందా? వేడికి ఎర్రటి నూనె గోధుమరంగుకి తిరుగుతుంది, మాడువాసన వేస్తుంది. ప్లేట్ల మీద రాలిన పొడి అందులో కలుస్తుంది. గేర్లు మార్చే వాల్వుల దారులు చీమ దూరేంత సన్నం. ఆ మడ్డి వెళ్లి అక్కడ అడ్డుకుంటుంది. అప్పుడిక డి లో వేస్తే బండి కదలదు, ఓ నిమిషం ఆలోచించి ధడాలున దూకుతుంది. లేదా ఇంజను గోలపెడుతుంది గాని చక్రం తిరగదు.

నా బండి 2008 మోడల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్, నా చేతికొచ్చేసరికే పాతది. ఎడమ మోకాలు నాతో సహకరించడం మానేసి ఆరేళ్లయింది కనక క్లచ్చున్న బండి నడపలేను. మా ఆవిడకి వారానికి రెండుసార్లు డయాలసిస్. తెల్లవారి ఆరింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి, ఆ వేళప్పుడు మా వీధికి ఆటో రాదు. అంచేత ఆ బండి నాకు షోకు కాదు, రెండో కాలు. ఆ కాలు పోయిన శీతాకాలంలో పొద్దున్నపూట బెణకడం మొదలెట్టింది.

పెద్ద వర్కుషాపుకి తీసుకెళ్లాను. మెడలో టై కట్టుకున్న కుర్రాడు ఓ పరికరం తగిలించి, పది నిమిషాల్లో, 'గేర్‌బాక్స్ అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్' అన్నాడు. ఎస్టిమేటు రూ. 1,80,000. బండి అమ్మినా అంత రాదు.

'ఆయిలు చూశారా నాయనా?'

'అది లైఫ్‌టైమ్ సార్. చూట్టానికుండదు.'

'అయితే దాని లైఫ్ అయినట్టా, కానట్టా?'

ఆ అబ్బాయి మర్యాదగా నవ్వి, 'ఎక్స్‌చేంజ్ మేళా నడుస్తోంది, కొత్త మోడల్ చూస్తారా సార్?' అన్నాడు.

పాఠకులు గమనించాలి. నూనె చూడలేదు, రోగం పేరు చెప్పలేదు, సరాసరి పాడెకి వెదుళ్లు బేరమాడారు. ఆ పరికరం చూపించేది ఓ అంకె. ఎక్కడ బాధగా ఉందో చెబుతుందేగాని ఎందుకో చెప్పదు. కడుపునొప్పి అన్నవాడికి కడుపు మార్చాలంటామా?

విజయవాడ ఆటోనగర్‌లో ఓ మేస్త్రీ ఉన్నాడు. చదివింది తొమ్మిది. ఆయన చేసిన మొదటి పని, నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద వేసి వాసన చూడటం. 'మాస్టారూ, ఇది నూనె కాదండి, కాఫీ డికాక్షను' అన్నాడు. అడుగు పళ్లెం విప్పి అందులోని అయస్కాంతం నాకు చూపించాడు. దానిమీద మెత్తటి బూడిద ఉంటే మామూలు అరుగుదల; ఇనప ముక్కలుంటే మాత్రం నూరేళ్లూ నిండినట్టే, పైసా ఖర్చుపెట్టకండి, అన్నాడు. నాది బూడిదే. పళ్లెంలోంచి వచ్చేది సగం లోపు నూనె, మిగతాది కన్వర్టర్ కడుపులోనే ఉండిపోతుంది. అందుకని ఒకసారి మార్చి, కొన్నాళ్లు తిప్పి, మళ్లీ మార్చి, అలా మూడుసార్లు. కొత్త ఫిల్టరు, మొరాయిస్తున్న సోలినాయిడ్ ఒకటి. అంతా కలిసి రూ. 19,000. బండి కొత్తదైపోయిందని చెప్పను. ఒకటినుంచి రెండో గేరుకి వెళ్లేప్పుడు ఇప్పటికీ కాస్త సణుగుతుంది. కాని ఆరింటికి ఆస్పత్రిలో ఉంటున్నాం.

'పాత గేరుబాక్సులో నూనె మారిస్తే అది చస్తుంది' అని ఓ శాస్త్రం ప్రచారంలో ఉంది. ప్లేట్లు పూర్తిగా అరిగిపోయి, నూనెలో తేలే ఆ పొడి పుణ్యమా అని ఈడుస్తున్న బండి, శుభ్రమైన నూనె పడగానే జారిపోవడం కద్దు. అది మందిచ్చినవాడి తప్పా, పదేళ్లు మందివ్వొద్దన్నవాడి తప్పా? మార్చవద్దని వాళ్లే అంటారు, ఇప్పుడు మారిస్తే ప్రమాదమనీ వాళ్లే అంటారు!

ఆటోమేటిక్కులన్నీ ఒకటి కావు, ఆ మాటా చెప్పాలి. 2014లో సెలెరియోతో మన దేశంలో వ్యాపించిన ఏఎంటీ మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది. దాని రోగాలు క్లచ్చువి. సీవీటీలో పళ్లచక్రాల బదులు ఉక్కు పట్టీ. దాని నూనె దానిదే, ఎర్రగా ఉంది కదా అని ఏదో ఒకటి పోస్తే పట్టీ జారిపోతుంది. ఏ బండికి ఏ నూనె అన్నది పుస్తకంలో చూసే పొయ్యాలి.

ఆ పుస్తకంలోనే ఇంకో చమత్కారం ఉంటుంది. మామూలు వాడకానికి ఒక పట్టిక, 'కఠిన పరిస్థితుల'కి ఇంకో పట్టిక. కఠినం అంటే ఎండ ఎక్కువగా ఉండటం, దుమ్ము, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్కు. మే నెలలో మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాటినవారెవరైనా చెప్పండి, మనకి మొదటి పట్టికతో పనేమిటి? గేరుబాక్సులు చేసే జడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీయే తన సరుకుకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గాని, ఎనిమిదేళ్లకి గాని నూనె మార్చమంటోంది. వండినవాడు పాచిపోతుందంటుంటే వడ్డించేవాడు నిలవుంటుందంటాడేం? వారంటీ తీరేదాకా నిలవుంటుంది గనక! ఆ తర్వాత చెడితే బాధ మనది, బేరం వాళ్లది. చూసుకుందామంటే చాలా కొత్త బండ్లకి ఆ నూనె కొలిచే పుల్ల కూడా పీకేశారు.

బయటి మేస్త్రీలకి విడిభాగాలూ, మరమ్మతు పుస్తకాలూ అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్‌వారు 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు రూ. 2,544 కోట్లు జరిమానా వేశారు. కంపెనీలు ఊరుకుంటాయా, పై మెట్లెక్కాయి. మా మేస్త్రీకి మాత్రం ఈనాటికీ మరమ్మతు పుస్తకం లేదు. తెల్లగుడ్డ, ముక్కు, అంతే.

నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. 'లైఫ్‌టైమ్' అన్న మాట కొట్టేసి ఆ చోట కిలోమీటర్ల అంకె వెయ్యండి. గేరుబాక్సు మార్చమని రాసిచ్చే ప్రతి ఎస్టిమేటు మీదా మూడు గడులు పెట్టండి: నూనె రంగేమిటి, మట్టం ఎంత, అయస్కాంతం మీద ఏముంది. ఆ మూడూ ఖాళీగా ఉన్న కాగితం ఎవరైనా చేతికిస్తే సంతకం పెట్టకుండా బండి వెనక్కి తెచ్చుకోండి. అది నాలుగు చక్రాల మీదా నడుస్తుంటే ఇంకా మంచిది, లేకపోతే లారీ మీదైనా సరే.