స్వదేశమున పరాజయము

12 ఏండ్లపాటు స్వదేశమున టెస్టు పరంపరను కోల్పోక, వరుసగా 18 గెలిచిన భారత క్రికెట్టు జట్టును 2024లో న్యూజీలాండు 3-0తోను, 2025లో దక్షిణాఫ్రికా 2-0తోను ఓడించెను. దీనిని దురదృష్టమనుట ఆత్మవంచన. ప్రత్యర్థులను పడగొట్టుటకై బంతి తిరుగు పిచ్చులు సిద్ధపఱచితిమి. పూనాలో శాంట్నర్ 13, కలకత్తాలో హార్మర్ 8 వికెట్లు తీసిరి. కలకత్తాలో 124 పరుగులు చేయవలసియుండగా మనవారు 93కే కూలిరి. తాము త్రవ్విన గోతిలో తామే పడిరి.

కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱను కాచి తేమ పోగొట్టినగాని బొమ్మ చెక్కరు. మన ఆటగాండ్రకు రంజీ పోటీలే ఆ కాక. ప్రసిద్ధులు దేశవాళీ పోటీలలో ఆడవలెనని 2025 జనవరిలో బోర్డు విధించిన నియమము మంచిదే. అది కాగితముపై నిలిచిపోరాదు. 1932లో మన సి.కె. నాయుడుగారి నాయకత్వమున తొలి టెస్టాడిన దేశమునకు ఓటమి అవమానము కాదు; దాని కారణమును కప్పిపుచ్చుటయే అవమానము.